నాయన నుంచి లాక్కున్న రాట్నం

నా చిన్నప్పుడు మా ఇంట్లో కండెలు చుట్టే పని నాది. నేను రాట్నం తిప్పి చుట్టిన నూలుతోనే నాయన చీరలు నేస్తాడని నాకు చెప్పలేనంత గొప్ప.

ఒకరోజు నాయన సైకిలు మీంచి పడ్డాడు. తలకు దెబ్బ తగిలింది. ఎముకకేం కాలేదని, మెదడు కాస్త అదిరిందని, తొందరపడకుండా ఉంటే తగ్గిపోతుందని డాక్టరు చెప్పాడు. చప్పుడు విన్నా, ఎండ చూసినా నాయనకు తల పగిలిపోయేది. ఆయన మగ్గంలో చిన్నాయన కూర్చున్నాడు.

అదే ఆయనకు కంటగింపైంది. తను మొదలుపెట్టిన చీర తమ్ముడి చేతిలో పెరుగుతుంటే ఎట్లా పడుకుంటాడు? మా అవ్వ చూడకుండా పోయి మగ్గం గుంతలోకి దిగాడు. నూలును అటూ ఇటూ నడిపే నాడె నాలుగుసార్లు ఆడించాడో లేదో, కళ్లు తిరిగి వాంతి చేసుకున్నాడు.

"ఇంగ నేను మగ్గానికి పనికిరానా అమ్మా?" అని అవ్వ ముందు ఏడ్చాడు. నాయన ఏడవగా చూడటం నాకదే మొదలు.

అవ్వ తిట్టలేదు. కొన్నాళ్లు పడుకోనిచ్చి, తర్వాత నా రాట్నం తీసుకుపోయి, చప్పుడు తక్కువగా ఉండే వెనక వసారాలో ఆయన ముందు పెట్టింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన కాసిని కండెలు చుడితే ఇంటిల్లిపాదీ మురిసిపోయారు. నేను చుట్టినన్నాళ్లూ ఒక్కరైనా మెచ్చుకున్నారా?

నా ముడుచుకున్న మూతి చూసి అవ్వ దగ్గరికి పిలిచింది. "రాట్నం నీదేలే పాపా. మీ నాయన తల నొచ్చి నొసలు చిట్లిచ్చినాడంటే లాక్కో. రేపు మళ్లా ఇయ్యి" అంది.

కుళ్లుకునే కళ్లు దేన్నీ వదలవని అవ్వకు తెలుసు. ఆయన నొసలు చిట్లించగానే రాట్నం లాక్కునేదాన్ని. గొణుక్కుంటూ పోయి పడుకునేవాడు. పోనుపోను నేను కాచుకోవాల్సిన సేపు పెరిగింది. చివరికి ఒకరోజు సాయంత్రం దాకా ఆయన నొసలు చిట్లనే లేదు. నేను ఏడుపు మొహంతో ఎదురుగా కూర్చుని ఉంటే, ఆయనే రాట్నం నా ముందుకు తోసి, లేచి మగ్గం దగ్గరికి పోయాడు.

ఈమధ్య కల్లూరులోని మా ఇంట్లో నేనూ జారిపడి తల కొట్టుకున్నాను. మళ్లీ డాక్టరు అదే మాట. కోడలు నా పోపులడబ్బా తెరిచిన చప్పుడు వినబడితే చాలు, నాకు కడుపు రగిలిపోతుంది. నిన్న లేచి వంటింట్లోకి పోబోతుంటే కోడలు అనపకాయల చేట తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

"ఇవి ఒలచండత్తా, శానాసేపు వద్దు" అంది.

అనపకాయలు ఒలిచే పని మా మనవరాలిది. అది ఎదురుగా కూర్చుని, మూతి ముడుచుకుని, రెప్ప వేయకుండా నా నొసలే చూస్తోంది. నాకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది.