సూళగిరి సెల్లారులో ఎర్త్ వైరు

2004 ఆగస్టు రెండో వారంలో సూళగిరి పని నాకు అప్పగించారు. హోసూరులో టీవీలు, ఆడియో పరికరాలు అమ్మే ఒక దుకాణంలో నేను అప్పటికి మూడేళ్ళుగా టెక్నీషియన్‌ని. కృష్ణగిరిలో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా పూర్తిచేసిన ఏడాదే ఆ దుకాణంలో చేరాను. కస్టమరు ఇంటికి వెళ్ళి పరికరాలు బిగించడం, సరిచూడడం, కమిషనింగ్ షీటు మీద సంతకం పెట్టడం నా బాధ్యత. షీటు అంటే ఇరవై రెండు అంశాలున్న కాగితం. ఒక్కో అంశానికి ఎదురుగా ఒక టిక్కు, కింద నా పేరు, తేదీ, కస్టమరు సంతకం. అంతకుముందు దుకాణంలో అలాంటి పద్ధతి లేదు. ఆ షీటు తయారుచేసింది నేనే, దాని గురించి నాకు కొంత గర్వం కూడా ఉండేది.

కస్టమరు పేరు రామచంద్రప్ప. సూళగిరికి రెండు కిలోమీటర్ల దూరంలో గులాబీ మొక్కల నర్సరీ నడిపేవాడు. కోసిన పూలను బెంగళూరుకు పంపేదాకా చల్లగా ఉంచాలని ఇంటి కింద సెల్లారు కట్టించాడు. చల్లబరిచే యంత్రం రెండు వేసవులు కూడా సరిగ్గా పనిచేయలేదు. పూల వ్యాపారం వదిలేసి మొక్కల అమ్మకానికే పరిమితమయ్యాడు. సెల్లారు ఖాళీగా మిగిలింది. ఇరవై రెండు అడుగుల పొడవు, పద్నాలుగు అడుగుల వెడల్పు, తొమ్మిది అడుగుల ఎత్తు. కిటికీలు లేవు. మూడు వైపులా మట్టి. కడిగిన నీళ్ళు పోవడానికి నేల ఒక మూలకు వాలి ఉంది. అందులో హోమ్ థియేటర్ పెట్టాలని ఆయన కోరిక.

ఆయన భార్య సరోజమ్మ మొదటిరోజే మెట్ల మీద నిలబడి ఆ ఆలోచనను తూర్పారబట్టింది. "పూలు వాడకూడదని కట్టినాడు, అవి వాడిపాయె. ఇప్పుడు మమ్మల్ని పెడతాడంట లోపల" అంది. నర్సరీలో అంటు కట్టే పని ఆమెదే. అడవి గులాబీ కొమ్మ బెరడును కత్తి మొనతో చీల్చి, మేలుజాతి మొగ్గను అందులోకి దూర్చి, పట్టీ చుట్టాలి. రోజుకు నాలుగైదు వందల మొక్కలకు ఆమె అలా కట్టేది. తళి, జవళగిరి వైపు నర్సరీల వాళ్ళు కొత్తవాళ్ళను ఆమె దగ్గరికి నేర్చుకోవడానికి పంపేవారు.

సెల్లారుకు కొత్త లైను వేసినవాడు మునిరాజు. లైసెన్సున్న వైర్‌మన్, అప్పుడు యాభై దాటిన మనిషి. సూళగిరిలో సగం ఇళ్ళ వైరింగ్ ఆయనదే. ఇంటి వెనక గుంట తవ్వి, బొగ్గు, ఉప్పు వేసి, ప్లేటు దించి, ఈ గదికోసమే వేరే ఎర్త్ ఇచ్చాడు. ఎర్త్ బాగుందా లేదా అని ఆయన నూరు వాట్ల బల్బుతో చూసేవాడు. ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య తగిలిస్తే బల్బు నిండుగా వెలగాలి. నేను డిజిటల్ మీటరుతో చూసేవాణ్ణి. నన్ను ఆయన పేరుతో పిలవలేదు. "ఏమప్పా డిప్లొమా, నీ మీటరుకు బ్యాటరీ కావాల. నా బల్బుకు కరెంటుంటే చాలు" అనేవాడు. రెండింటి ఫలితం ఒక్కటే వచ్చింది: ఎర్త్ బాగుంది.

పని పన్నెండు రోజులు పట్టింది. మొదట గోడల తేమ చూశాను. పాలిథిన్ షీటును గోడకు నాలుగు వైపులా టేపుతో అంటించి రెండు రోజులు వదిలితే, తేమ ఉన్నచోట లోపలివైపు నీటిబొట్లు పడతాయి. ఇంటి పక్కనున్న గుట్టవైపు గోడ మీద పడ్డాయి. అక్కడ రెండంగుళాల ఖాళీ వదిలి, మిగతా గోడలకు చెక్క చట్రాలు, శబ్దాన్ని పీల్చే గ్లాస్ ఊల్, మీద గుడ్డ బిగించాం. ముందు మూడు స్పీకర్లు కూర్చున్న మనిషి చెవి ఎత్తులో, వెనక రెండు అంతకు రెండడుగులు పైన, సబ్‌ఊఫర్ ముందు మూలన పెట్టాం. పరికరాలన్నీ గుట్టవైపు గోడ దగ్గర ఒక ఇనుప ర్యాక్‌లో, అన్నిటికీ కింద కరెంటు హెచ్చుతగ్గులను సరిచేసే స్టెబిలైజర్. అది ఇనుప పెట్టె. గోడ సాకెట్ నుంచి కరెంటు దానిలోకి, దాని నుంచి మిగతా అన్నిటికీ వెళ్తుంది.

పదకొండో రోజు కేబుల్ టీవీ వైరు తగిలించగానే స్పీకర్లన్నిటిలో సన్నని గుయ్‌మనే మోత మొదలైంది. మా పనిలో దాన్ని హమ్ అంటారు. కేబుల్ వైరు పైతొడుగు ఎక్కడో స్తంభం దగ్గర ఒక ఎర్త్‌కు కలిసి ఉంటుంది, ఇంటి ఎర్త్ వేరు. రెండింటి మధ్య ఉన్న కొద్దిపాటి తేడా వల్ల ఆంప్లిఫైయర్ గుండా కరెంటు పారి, అది మోతగా వినిపిస్తుంది. సరైన మందు ఐసోలేటర్ అనే చిన్న డబ్బీ. కేబుల్ వైరు మధ్యలో దాన్ని పెడితే ఆ దారి తెగుతుంది. దుకాణంలో స్టాకు లేదు, బెంగళూరు నుంచి రావడానికి మూడు రోజులు పడుతుంది. మర్నాడు శ్రావణ శుక్రవారం. రామచంద్రప్ప బంధువులను పిలిచి ఉన్నాడు.

ఆ సాయంత్రం ఇంటికి పోతూ మునిరాజు నాతో ఒక మాట అన్నాడు. "కేబులోడి వైరు చూడప్పా. నా ఎర్త్ జోలికి మాత్రం పోవద్దు." ఆయన వెళ్ళాక మా ఓనరుకు ఫోను చేశాను. "ఎర్త్ తీసి పెట్టు. డబ్బీ వచ్చినాక మళ్ళీ కలుపుదువు. అందురూ చేసేదే కదప్పా" అన్నాడు. నిజమే, మా పనిలో చాలామంది చేసేదే. స్టెబిలైజర్ ప్లగ్గు విప్పి, ఎర్త్‌కు పోయే పచ్చ వైరు స్క్రూ వదులుచేసి, వైరు బయటికి లాగి, చివరకు టేపు చుట్టి, మూత బిగించాను. మోత ఆగిపోయింది. శుక్రవారం సినిమా బాగా నడిచింది. షీటులో పద్నాలుగో అంశం: ఎర్త్ కలిపి ఉంది. దాని ఎదురుగా టిక్కు పెట్టాను. టిక్కు లేని షీటు మీద కస్టమరు సంతకం పెట్టడు.

ఐసోలేటర్ తర్వాతి వారం వచ్చింది. వినాయక చవితి అమ్మకాలు, ఆ తర్వాత దసరా అమ్మకాలు వచ్చాయి. డబ్బీ నా టూల్ బ్యాగులోనే ఉంది. సూళగిరి మీదుగా కృష్ణగిరికి కనీసం నాలుగుసార్లు వెళ్ళాను. దిగి ఆ ఇంటికి వెళ్ళకపోవడానికి కారణాలు రాయగలను. ఏ ఒక్కటీ సరిపోదు.

మా ప్రాంతంలో ఆయుధపూజ రోజున యంత్రమన్నది ఏదీ వదలరు. హోసూరు ఫ్యాక్టరీల్లో లేత్‌లు, రోడ్డు మీద బస్సులు, ఇంట్లో మిక్సీ, కుట్టు మిషను, సైకిలు, అన్నిటినీ తడిగుడ్డతో తుడిచి, విభూతి గీతలు పెట్టి, కుంకుమ బొట్టు పెడతారు. నేను కూడా ఏటా నా మీటరుకు బొట్టు పెట్టినవాణ్ణే. ఒక ఇంట్లో హోమ్ థియేటర్ పెడితే, అక్టోబరులో ఎవరో ఒకరు దాన్ని తడిగుడ్డతో తుడుస్తారన్న సంగతి నేను ఊహించాల్సింది. షీటులో ఇరవై రెండు అంశాలు రాసినప్పుడు అది నాకు తట్టలేదు.

ఆ ఏడు పండుగకు ముందు వారమంతా వాన. కేబుల్ లైను ఎక్కడో తెగింది, అందుకని ర్యాక్‌లోని ట్యూనరు పెట్టె నుంచి కేబుల్ వైరు ఊడదీసి పక్కన పెట్టారు. అంటే హమ్‌కు కారణమైన వైరు ఆ రోజు అసలు తగిలించి లేదు, దానికోసం నేను తీసిన ఎర్త్ మాత్రం తీసే ఉంది. సరోజమ్మ పొద్దున్నే సెల్లారు నేల కడిగింది. తడి నేల మీద చెప్పులు లేకుండా నిలబడి, పై పరికరాలు తుడిచి, చివరికి స్టెబిలైజర్ తుడిచింది. తెర, ఆంప్లిఫైయర్ ఆపి ఉన్నాయి కానీ స్టెబిలైజర్‌కు కరెంటు వస్తూనే ఉంది. గుట్టవైపు తేమకు దాని లోపలి ట్రాన్స్‌ఫార్మర్ ఇన్సులేషన్ దెబ్బతిని, ఫేజు పెట్టెకు తగిలి ఉంది. ఎర్త్ ఉంటే ఆ కరెంటు భూమిలోకి పోయి, బోర్డులోని ఎంసీబీ స్విచ్ దానంతటదే పడిపోయేది. మనిషి గుండా పోయే కరెంటుకు ఎంసీబీ పడదు. దానికి ఈఎల్‌సీబీ అనే వేరే స్విచ్ కావాలి. ఆ ఇంట్లో అది లేదు.

షాకు కొట్టి ఆమె దగ్గరి నీళ్ళ చెంబు పడిన చప్పుడు విని రామచంద్రప్ప మెయిన్ ఆపాడు. ఆమె బతికింది. కుడి అరచేయి కాలింది. గాయం మానాక బొటనవేలు, చూపుడువేలు ఒకదానికొకటి ఆనలేదు.

మూడో రోజు ఓనరూ నేనూ వెళ్ళాం. దారిలో ఓనరు చెప్పింది ఒక్కటే: స్టెబిలైజర్‌ను ప్లగ్గుతో సహా సర్వీసుకని చెప్పి బండిలో పెట్టేయాలి. నేను అలాగే చేశాను. తిరిగి వచ్చేసరికి వాకిట్లో పదిమంది ఉన్నారు, మధ్యలో మునిరాజు. రామచంద్రప్ప ఆయన ముఖం మీదికి చెయ్యి చూపిస్తూ అంటున్నాడు: "ఎర్త్ ఇచ్చినా ఇచ్చినా అంటివి. ఇస్తే ఆమెను ఎందుకు పట్టింది?" మునిరాజు బల్బు తెచ్చుకున్నాడు. అందరినీ కిందికి తీసుకెళ్ళి సాకెట్‌లో తగిలించి చూపించాడు. నిండుగా వెలిగింది. "ఈ పొద్దు వెలుగుతాది. ఆ పొద్దు వెలిగిందని ఏమి గ్యారంటీ?" అన్నారెవరో. "బల్బు చూపిస్తే కాలిన చెయ్యి బాగవుతుందా సామీ" అన్నాడు ఇంకొకడు. కొందరు నవ్వారు.

అప్పుడు ఆయన నా వైపు తిరిగాడు. "అప్పా డిప్లొమా, నా ఎర్త్ సాకెట్‌దాకా ఉండాది. నీ ప్లగ్గులో ఉండిందా?"

నేను ఫైలు తెరిచి షీటు తీసి రామచంద్రప్ప చేతికిచ్చాను. ఆయన పద్నాలుగో అంశం దాకా చదివి, కింద తన సంతకం కూడా చూసుకుని, మునిరాజుకు ఇచ్చాడు. మునిరాజు దాన్ని చదివి తిరిగిచ్చాడు. తర్వాత బల్బు హోల్డరుకు వైరు చుట్టుకుని మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

డిసెంబరులో మత్తూరులో ఒక ఇంటికి పని మీద వెళ్ళాను. పెరట్లో కొత్తగా పీకేసిన వైరు చుట్టలు పడి ఉన్నాయి. ఇంటాయన ఘనంగా చెప్పాడు: "సూళగిరి మునిరాజు వేసిన వైరింగప్పా. ఆయన చేసిన పనికి ఆడ ఒకామెకు చెయ్యి పాయెనంట. మేము భయపడి మొత్తం పీకించినాము." ఒక చుట్ట తీసి చూశాను. జాయింట్లన్నీ గట్టిగా మెలితిప్పి, టేపు సమంగా చుట్టి ఉన్నాయి. రంగులు ఎక్కడా మారలేదు. అంత శుభ్రమైన పని నేను అప్పటిదాకా కొన్ని ఇళ్ళలోనే చూశాను.

మరుసటి ఆదివారం ఒక్కణ్ణే సూళగిరి వెళ్ళి, సరోజమ్మ, రామచంద్రప్ప ఇద్దరి ముందూ జరిగింది జరిగినట్టు చెప్పాను. "ఊరూరా చెప్పినాను నేను. ఇప్పుడు ఎంతమంది దగ్గరికి పోయి తిప్పి చెప్పాల?" అన్నాడు రామచంద్రప్ప. సరోజమ్మ ఎడమచేత్తో మొగ్గ దూర్చడం నేర్చుకుంటోంది. ముందున్న మొక్కకు మూడు చీలికలు పడి బెరడు పాడైంది. తల ఎత్తకుండానే అడిగింది: "ఆయప్పకు చెప్పినావా?"

లేదన్నాను.

"అయితే ఈడ ఏమి పని నీకు? ముందు ఆడికి పో."

మునిరాజు అప్పటికి కృష్ణగిరి దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో గేటు కాపలాకు చేరాడు. గేటు దగ్గరే నిలబడి విన్నాడు. లారీలు వచ్చినప్పుడల్లా నన్ను ఆగమని, నంబరు పుస్తకంలో రాసుకుని మళ్ళీ వచ్చాడు. అంతా అయ్యాక అడిగిన మొదటి మాట: "వైరు చివరికి టేపు చుట్టినావా?"

"చుట్టినాను."

"ఆ మాత్రమన్నా చేసినావు."

రాతపూర్వకంగా ఇస్తానన్నాను. ఇవ్వమన్నాడు. దాన్ని ఎక్కడ చూపిస్తారని అడిగితే, "యాడ చూపించేది? లైసెన్సు రెన్యూవల్ గడువు దాటిపాయె. ఇంట్లో పెట్టుకుంటాను, మా పిల్లోళ్ళు చదువుతారు" అన్నాడు. రెండు కాగితాలు రాసి సంతకం పెట్టాను. ఒకటి ఆయనకు ఇచ్చాను, రెండోది రామచంద్రప్పకు పంపాను. మా ఓనరు నన్ను ఆ నెలాఖరుకు మానిపించాడు. రామచంద్రప్ప కొన్ని ఇళ్ళకు వెళ్ళి చెప్పాడని తర్వాత తెలిసింది. మునిరాజు మాత్రం మళ్ళీ వైరింగ్ పనికి రాలేదు.

నేను కృష్ణగిరిలో వేరే దుకాణంలో చేరి, 2009లో ఈ పనే వదిలేసేదాకా అక్కడే ఉన్నాను. ఈ ఘటన నేర్పినవి రెండు. తాత్కాలికంగా ఎర్త్ తీయాల్సి వస్తే, మళ్ళీ కలిపేదాకా ఆ పరికరానికి కరెంటు ఇవ్వకూడదు. మోత వస్తే కస్టమరు మూడు రోజులు ఆగాలి, అంతే. రెండోది, నా పనీ ఇంకొకరి పనీ కలిసేచోట తప్పు బయటపడితే, ముందు నావైపు మూత విప్పి, ఆ రెండో మనిషి కళ్ళముందే చూపించాలి. ఆ తర్వాతి ఐదేళ్ళలో అలా ఏడుసార్లు విప్పాను. నాలుగుసార్లు తప్పు నావైపే ఉంది.