‘స్వస్థలం’ గడి ఎవరికి కావాలి?

మా అండమాన్ తెలుగువాళ్లకు ఒక అలవాటుంది. ఇక్కడి హాడోలో పుట్టి, పక్కనే బతు బస్తీలో కాపురం పెట్టి, పుట్టినప్పటి నుంచీ ఈ సముద్రం చేపలే తిన్నా సరే, మీది ఏ ఊరని ఎవరైనా అడిగితే శ్రీకాకుళం ఒడ్డున మేమెన్నడూ కాలు పెట్టని పల్లె పేరు చెబుతాం. అక్కడి నుంచి ఓడెక్కింది మా తాత. ఆయన పోయి ఎన్నేళ్లయినా ఊరు మాత్రం మాతోనే ఉండిపోయింది. అడిగినవాళ్లు తలూపి వెళ్లిపోయేవాళ్లు కాబట్టి ఎవరికీ ఇబ్బంది రాలేదు. కంప్యూటర్ తలూపదు. అక్కడ వచ్చింది చిక్కు.

అప్పట్లో నేను ఓడ టికెట్ల కంప్యూటర్ పని చేసిపెట్టే ఒక చిన్న సంస్థలో ఉద్యోగిని. కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చిన కొత్త. ఒకరోజు మా పిన్ని చెమటలు కక్కుకుంటూ ఆఫీసుకు వచ్చింది. బాబాయిది చేపల వేట. వాళ్లమ్మాయిని విశాఖపట్నంలో ఇచ్చారు. తొలి కాన్పు, నెలలు నిండాయి. వైజాగ్ ఓడ ఒకటే ఉంది, అది తప్పితే మళ్లీ ఎప్పుడో చెప్పేవాడు లేడు.

“దీవోల్ల కోటాలో బెర్తు లేదంటన్నాడ్రా ఆ కౌంటర్ భయ్యా. నాను మెయిన్‌ల్యాండ్‌దాన్నంట! దీవోల్ల కార్డు సూపితే, మిషన్ అలాగే బోల్తా హై దీదీ అంటాడు, మిషనే అలాగ సెప్తందంట. ఈ ఓడ తప్పితే పిల్ల కాడికి నానెలా ఎల్లాల్రా?”

నాకు అనుమానం తగిలింది. పిన్ని వివరాల్లో స్వస్థలం అనే గడి ఉంటుంది, మేం ఫీల్డు అంటాం. అందులో తాత ఊరు ఉంది. సంగతి మా పెద్దసారు ముందు పెట్టాను. వెంటనే మీటింగు పెట్టారు. మా ఆఫీసులో ఏదైనా పని చేయకూడదనుకుంటే మీటింగు పెడతారు.

ఆ ఫీల్డును మీ ప్రోగ్రాం వాడుతోందా అని ఒక్కొక్కరినీ అడిగాను. ఒక్కరూ ఒప్పుకోలేదు. దొంగతనం అంటగట్టినట్టు ముఖాలు పెట్టారు. “ఎవరూ వాడని ఫీల్డు వల్ల టికెట్ ఎలా ఆగుతుంది?” అన్నారు పెద్దసారు. అందరూ మెచ్చుకున్నారు. ఆపైన బిస్కెట్లు వచ్చాయి.

నాకు తిక్కరేగింది. నా కుర్చీకి వచ్చి వెతకడం మొదలుపెట్టాను. మా దగ్గర సమాచారాన్ని ఒకచోటి నుంచి ఇంకోచోటికి మోసుకెళ్లే ప్రోగ్రాములుంటాయి, జాబులంటాం. స్వస్థలం అని వెతికితే ఒకే ఒక్క జాబు దొరికింది. అది దాన్ని పక్క పట్టికలోకి మోసి దించేస్తుంది, అంతే. మిగతావాళ్లంతా అక్కడే ఆగి చేతులు దులుపుకున్నారు. నేను ఆ పట్టికలోకి దిగాను. అక్కడ దాని పేరు ‘మూలం’. దాన్ని ఎత్తుకున్న తరువాతి జాబుకు ఆ పేరు నచ్చలేదు, ‘ప్రాంతం’ అని పెట్టుకుంది. జాబు రాసిన ప్రతి మహానుభావుడూ పురోహితుడే, చేతికందిన బిడ్డకల్లా కొత్తగా బారసాల చేశాడు. ఆఖరికి ఆ ప్రాంతం వెళ్లి టికెట్ల జాబులో కూర్చుంది. అక్కడ మెయిన్‌ల్యాండ్ నుంచి వచ్చిపోయిన సలహాదారుడు ఒక షరతు పెట్టాడు: ఊరు దీవుల్లో ఉంటే దీవివాడు, దేశంలో ఇంకెక్కడున్నా మెయిన్‌ల్యాండ్‌వాడు, దేశంలోనే లేకపోతే విదేశీయుడు. కార్డు సంగతి ఆయనకు ఎవరూ చెప్పినట్టు లేదు.

అంటే సగం బతు బస్తీ రాత్రికి రాత్రే పరాయిదైపోయింది. నేను కూడా.

కౌంటర్ అతనికి ఫోన్ చేస్తే సులువైన దారి చెప్పాడు. స్వస్థలంలో హాడో అని మార్పిస్తే టికెట్ చేతిలో పెడతాడట. పిన్ని ఒప్పుకుంటేనా!

“మా అయ్య ఊరు తీసీసి ఇంకో ఊరెట్టమంటావేట్రా? సచ్చినోడి పేరు తీసీమన్నట్టుంది.”

“నువ్వు పుట్టింది హాడోలోనే కదా పిన్నీ!”

“పుడితే? ఊరు ఊరే.”

ఒళ్లు మండింది. అక్కడ కూతురు రోజులు లెక్కపెట్టుకుంటుంటే ఇక్కడ ఈవిడ పంతం. మళ్లీ పెద్దసారు దగ్గరికి వెళ్లాను. వచ్చే వారం చూద్దామన్నారు. అప్పుడు నాకు తట్టింది, ఆయనది అండమాన్ ఉత్తర కొసనున్న డిగ్లీపూర్. వాళ్ల తాతను దేశవిభజన తరవాత తెచ్చి అక్కడ భూమిచ్చి కూర్చోబెట్టారు. ఆయన వివరాలు తెరిచాను. స్వస్థలం గడిలో వాళ్ల తాతగారి పల్లె. అది ఇప్పుడు వేరే దేశంలో ఉంది. టికెట్ల జాబు ఆయన్ను విదేశీయుడిగా రాసిపెట్టింది.

తెర ఆయన వైపు తిప్పాను. చాలాసేపు చూశారు. “పాస్‌పోర్టు కూడా అడుగుతుందా?” అన్నారు నెమ్మదిగా. ఆ సాయంత్రానికి షరతు మారింది, ఊరు చూడకుండా కార్డు చూసేలా రాయించారు. మీటింగు పెట్టలేదు. పిన్నికి కోటాలో బెర్తు దొరికింది. హాడో జెట్టీలో ఎండుచేపల మూటతో సహా ఓడెక్కించి వచ్చాను.

మనవరాలు పుట్టిందని వైజాగ్ నుంచి ఫోన్ వచ్చింది. పురుడయ్యాక అల్లుడు పిన్నిని శ్రీకాకుళం ఒడ్డున మా తాత పల్లెకు తీసుకెళ్లాడట. తిరిగొచ్చి చేసిన ఫోన్‌లో ఆవిడ గొంతు ఎన్నడూ లేనంత మెత్తగా ఉంది.

“ఊరు బాగుందా పిన్నీ?”

“బాగుంది. మా అయ్య పేరు సెప్పినాను, ఎవులికీ తెల్దు. ఒక ముసిలమ్మ మాత్రం నీల్లిచ్చి, మీదే ఊరమ్మా అని అడిగింది.”

“ఏం చెప్పావు?”

అటువైపు మనవరాలు ఏడిస్తే జోకొట్టింది.

“హాడో అన్నాన్రా,” అంది పిన్ని. “ఇంకేటి సెప్పను? ఆ ఊల్లో నిలబడి ఈ ఊరే నాదంటే నవ్వరూ?”