సగం ఎత్తిన షట్టరు

పోయిన శుక్రవారం మా అంగడికి మోటారు షట్టరు బిగించారు. బళ్ళారి బజారులో ఎండుమిరపకాయల అంగడి అది, తాత కాలం నాటిది. ఇప్పుడు మా పెదనాన్న కొడుకు, అంటే మా అన్న, నడుపుతున్నాడు. నేను కురుగోడు కాలేజీలో కామర్స్ చెప్తాను. వ్యాపారానికి పనికిరానని ఇంటిల్లిపాదీ ఒప్పుకున్నాక నాకు దక్కిన గౌరవం అది. అన్న పిలిస్తే వెళ్ళాను. పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయ కట్టి, టెంకాయ కొట్టి మీట నొక్కాడు. పాత షట్టరులా గోల చేయకుండా మెత్తగా లేచింది. సగం లేచేసరికి కరెంటు పోయింది. నడుము ఎత్తున ఆగిపోయిన ఆ షట్టరును చూసి, అంతవరకూ నవ్వుతున్న ఇంటివాళ్ళమంతా నోళ్ళు మూసుకున్నాం. బిగించడానికి వచ్చిన మెకానిక్ పాపం తన పనిలోనే ఏదో తప్పు జరిగిందని కంగారుపడ్డాడు. తప్పు అతనిది కాదు. మా నవ్వు ఎందుకు ఆగిందో చెప్పాలంటే నా అత్తెసరు మార్కుల సంగతి చెప్పాలి.

మా బజారులో ఒక పద్ధతి ఉంది. ఇంట్లో ఎవరైనా పోతే అంగడి షట్టరు సగం దించి ఉంచుతారు. అది చూసినవాళ్ళు బేరానికి రారు, లోపలికి తొంగి చూడరు. చావు ఉన్న అంగడిలోకి వంగి చూడటం మహా అమర్యాద. ముందు ఇంటికి వెళ్ళి, ఒక మాట పలకరించి రావాలి. మా నాన్నకేమో భుజం నొప్పి. షట్టరు ఒక్క ఊపున ఎత్తలేడు. సగం దాకా లేపి, వంగి లోపలికి దూరి, కాసేపు ఆయాసం తీర్చుకుని, మిగతా సగం లోపలినుంచి ఎడమచేత్తో తోసేవాడు. గర్రుమని ఒక చప్పుడు, కొంత నిశ్శబ్దం, ఆ నిశ్శబ్దంలో మిరపఘాటుకు పెద్ద తుమ్ము ఒకటి, మళ్ళీ గర్రు. పనివాడు వచ్చాక ఎత్తించుకోమని పెదనాన్న ఎంత చెప్పినా వినేవాడు కాదు. తన అంగడి తానే తెరవాలన్న పంతం ఆయనది.

డిగ్రీ మొదటి ఏడాది ముగించి నేను సెలవులకు వచ్చి ఉన్న రోజులవి. బెంగళూరు వైపు ఒక యూనివర్సిటీలో చదువుతున్నాను, మార్కులు కూడా బాగానే వస్తున్నాయి. ఒక ఉదయం ఎదురంగడి నూనె వ్యాపారి మా వాకిట్లోకి వచ్చి, తువ్వాలు భుజం మీంచి తీసి చేత పట్టుకుని నిలబడ్డాడు. మొహం వేలాడేసుకుని, "ఎవురప్పా పోయింది? నాకు కబురే తెలియల్యా" అన్నాడు. ఆ రోజు ఆయన అంగడికి ఆలస్యంగా వచ్చాడట. వచ్చేసరికి మా షట్టరు సగానికి ఉంది. మర్యాద తెలిసిన మనిషి గనక తొంగి చూడకుండా నేరుగా ఇంటికి వచ్చాడు. పెదనాన్న పడీ పడీ నవ్వాడు. "మా తమ్ముడు ఆయాసం తీర్చుకుంటాండాడులేప్పా. కూర్చో, కాఫీ తాగి పో" అన్నాడు. అమ్మ నవ్వింది, నేను నవ్వాను. నూనె వ్యాపారి కూడా నవ్వేసి, కాఫీని ఊదుకుంటూ, సావకాశంగా తాగాడు. అంత నింపాదిగా కాఫీ తాగిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. గ్లాసు కింద పెడుతుండగా పెదనాన్న నవ్వు ఉన్నట్టుండి ఆగిపోయింది. నాన్న షట్టరు ఎత్తే వేళ దాటి చాలాసేపయిందని అప్పుడు తట్టి, చెప్పులు కూడా వేసుకోకుండా అంగడికి పరిగెత్తాడు. నాన్న షట్టరు వెనకాల మిరప బస్తాల మీదికి ఒరిగి ఉన్నాడు. ఇంకాస్త ముందు తెచ్చి ఉంటేనా అని డాక్టరు అన్న మాటను మా ఇంట్లో ఎవరూ రెండోసారి అనలేదు. షట్టరును దించాల్సిన పని కూడా పడలేదు. సంతాపానికి ఎక్కడ ఉండాలో సరిగ్గా అక్కడే నాన్న ఉంచి పోయాడు.

కర్మ ముగిశాక పెదనాన్న షట్టరు ఎత్తాడు. ఆ ఉదయం సంగతి ఎవరూ ఎత్తలేదు. నేను హాస్టలుకు వెళ్ళిపోయాను. పరీక్ష హాలు కిటికీ వీధి వైపుకు ఉండేది. మొదటి గంట కొట్టే వేళకు కింద ఎవరో అంగడి తెరిచేవారు. నిజంగా తెరిచేవారో లేదో నేనెప్పుడూ లేచి చూడలేదు. గర్రుమనేది, ఆగేది. రెండో చప్పుడు కోసం పెన్ను పైకెత్తి పట్టుకుని చెవులు రిక్కించేవాణ్ణి. అది వచ్చేది కాదు. చుట్టూ అందరూ అదనపు కాగితాలు అడుగుతుంటే నేను తుమ్ము కోసం ఎదురుచూస్తూ కూర్చునేవాణ్ణి. రెండు సెమిస్టర్లు అలాగే పోయాయి. కొన్నింట్లో తప్పాను, మిగిలినవి బొటాబొటి మార్కులు. మార్కులు చూసి పెదనాన్న తిట్టలేదు. బేరం సాగకపోతే తప్పు వ్యాపారిది కాదు, జాగాది, అన్నది మా వాళ్ళ నమ్మకం. ఆ జాగా కలిసి రాలేదు, యూనివర్సిటీ మారుద్దాం అన్నాడు, అంగడి మార్చినంత తేలిగ్గా. రాష్ట్రం గడి దాటి అనంతపురం వైపు ఉన్న యూనివర్సిటీకి అర్జీ పెట్టించాడు. అక్కడ తీసుకోకపోతే చదువు మానేసి అంగడిలో కూర్చోవాలి. అంటే రోజూ పొద్దున ఆ షట్టరు నేనే ఎత్తాలి.

అక్కడి శాఖాధిపతి నిదానమైన మనిషి. నా మార్కులు చూసి, మొదటి ఏడాది ఇంత బాగా చదివినవాడివి తరవాత ఏమైందని అడిగాడు. శ్రద్ధగా చదవలేదు సార్ అని చెప్పడానికి దారి పొడుగునా సిద్ధపడుతూ వచ్చాను. నిజం చెప్తే పక్కన కూర్చున్న పెదనాన్న మీద నేరం మోపినట్టవుతుందని నా భయం. నోరు తెరవబోయాను.

"వాణ్ణి అడగొద్దు సార్" అన్నాడు పెదనాన్న. "వాళ్ళ నాయన షట్టరు ఎనకాల పడిపోయి ఉండాడు. నేను ఇంట్లో వచ్చినాయనకు కాఫీ ఇచ్చి నవ్వుకుంటా కూర్చున్నా. వీడు మాకు చెప్పల్యా గానీ, ఆ సద్దు వీనికి వినబడతాంటాది. నాకు తెలుసు సార్. నాకూ వినబడతాది."

నేను పెదనాన్న మొహం వైపు చూడలేకపోయాను, ఆయన ముడిచి పట్టుకున్న చేతుల వైపే చూశాను. శాఖాధిపతి అర్జీ దగ్గరికి లాక్కున్నాడు. తప్పిన సబ్జెక్టులు ఇక్కడ మళ్ళీ రాయాలని మాత్రం చెప్పి సంతకం పెట్టాడు. తిరుగు బస్సులో పెదనాన్న వేరుశెనక్కాయలు కొని, సగం నా ఒళ్ళో పోసి, ఊరు వచ్చేదాకా ఒలుచుకుంటూ కూర్చున్నాడు.

కొత్త యూనివర్సిటీలో పరీక్ష హాలు చుట్టూ చేలే, కనుచూపు మేరలో ఒక్క అంగడి లేదు. అయినా మొదటి పరీక్ష రోజు గర్రుమని వినబడింది, ఆగింది. పెన్ను ఎత్తాను. ఈ వేళకు బళ్ళారిలో ఇంకొకాయన కూడా ఇదే వింటూ ఉంటాడని తోచి, పెన్ను దించి రాయడం మొదలుపెట్టాను. ఆ చప్పుడు పూర్తయిందని చెప్పను. నేను దానితో కలిసి రాయడం నేర్చుకున్నాను.

పోయిన శుక్రవారం షట్టరు సగంలో ఆగినప్పుడు పెదనాన్న కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఇప్పుడాయనకు మోకాళ్ళు సహకరించవు. ఎవరూ పట్టుకోకుండానే లేచాడు. మెల్లగా నడిచి వెళ్ళి, షట్టరు అంచు పట్టుకుని, నడుము వంచి, మా బజారులో ఎవరూ చేయని పని చేశాడు. లోపలికి తొంగి చూశాడు. చాలాసేపు అలాగే ఉండి, నావైపు తిరిగి, "ఎవురూ లేరు, రాండి" అన్నాడు.

ఆ మాటకు నాకు ఊరట కలగలేదు, ఏడుపొచ్చింది. కాలం గడిచిపోతుందని అందరూ అంటారు. మా ఇంట్లో మాత్రం అది సగం దాకా లేచి, ఇన్నేళ్ళుగా ఆయాసం తీర్చుకుంటూనే ఉంది.