రేకుల కింద చేపల పెట్టెలు

ఇల్లు చల్లబరచబోయి, ప్రార్థనకు వచ్చిన పాస్టరుగారి ఒళ్లో పిల్లుల్ని కురిపించిన కోడలు అండమాన్ దీవులన్నిటిలో ఒక్కతే ఉంది. ఆ మహాతల్లిని నేనే. నవ్వదలుచుకున్నవాళ్లు ఇప్పుడే మొదలుపెట్టండి, తర్వాత తీరిక దొరకదు.

అప్పుడు నేను కొత్త కోడలిని. వండూరులో మా మామగారు కట్టిన పాత చెక్క ఇల్లు మాది, పైన రేకులు. మిట్టమధ్యాహ్నం ఆ రేకుల కింద మేమంతా పెనం మీద అప్పడాల్లా ముడుచుకుపోయేవాళ్లం. ఫ్యాన్లు ఆ వేడినే ఒకరి దగ్గర్నుంచి ఇంకొకరికి పంచేవి. ఆ సేవకి కరెంటు బిల్లు వేరే.

"ఏసీ కొనేద్దాం," అన్నారు మా ఆయన దానియేలు. బోటు ఇంజన్లు బాగుచేసే మనిషి, ఏ సమస్యకైనా ఒక మిషను కావాలంటారు.

"ఏసీ పెడితే బిల్లు ఇంకా పెరగదా? రేకుకీ మనకీ మధ్య దళసరిగా ఏదైనా పొర వేస్తే వేడి కిందికి దిగదట. రేడియోలో చెప్పారు."

"దేంతో వేస్తావు?"

"థర్మోకోల్‌తో. పైసా ఖర్చు లేకుండా."

ఎవరైనా నన్ను ఆపాల్సింది అక్కడే.

జెట్టీ దగ్గర చేపలు కొని పోర్ట్ బ్లెయిర్ పంపే భయ్యా ఒకాయన ఉండేవాడు. ఆయన షెడ్డు వెనక పాత థర్మోకోల్ పెట్టెలు గుట్టగా పడి ఉండేవి. అడిగితే సంతోషంగా ఇచ్చేశాడు.

"అన్నీ తీస్కెళ్లు దీదీ. మగర్ అచ్ఛాసే కడుగు. చేప పెట్టెలు కదా."

కడిగాను. అంటే, ఒక్కో పెట్టె మీద చెంబుడు నీళ్లు చల్లి ఎండకి చూపించాను. దాన్ని కడగడం అనరని ఇప్పుడు నాకు తెలుసు. తర్వాత ఇద్దరం కలిసి పెట్టెల్ని పలకలుగా కోసి, దూలాల కింద నీలం టార్పాలిన్ మేకులతో బిగించి, దాని మీద పరిచేశాం.

ఆ వారమంతా మబ్బు. ఇల్లు కొబ్బరినీళ్లలా చల్లగా ఉంది. అదంతా నా థర్మోకోల్ మహిమే అనుకుని మా అత్తయ్య ఉబ్బిపోయింది. "మా కోడలికి బుర్రుంది. ఒచ్చి సూడండి, ఫేనెయ్యక్కర్లేదు," అని వీధంతా చెప్పి, శుక్రవారం సాయంత్రం మా ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టించింది.

గురువారం ఎండ కాసింది. రేకులు కాలాయి, పెట్టెలు వేడెక్కాయి. వాటిలో ప్రయాణం చేసిన చేపలన్నీ తమ ఆత్మల్ని మా ఇంట్లోకి వదిలాయి.

"ఏటే ఇది? సేపలేవైనా దాసీసి మర్సిపోనావా?" అంది అత్తయ్య.

"సముద్రం గాలి అత్తయ్యా."

"నా పెళ్లి కాణ్నించి సూత్తన్నాను, సముద్రం ఎప్పుడూ ఇలా కుళ్లలేదు."

ఫినాయిలు చల్లాను. నిమ్మచెక్కలు రుద్దాను. దాంతో ఇల్లు ఆసుపత్రిలో వండిన చేపల పులుసులా తయారైంది. శుక్రవారం మధ్యాహ్నానికి ఈ కబురు ఊళ్లో పిల్లులకి చేరింది. గోడకీ రేకుకీ మధ్య సందులోంచి అవి వరసగా లోపలికి వెళ్లడం నేను చూశాను. చూసి, వాటంతటవే పోతాయిలే అనుకున్నాను.

సాయంత్రం పాస్టరుగారు వచ్చి, గాలి పీల్చి, ముఖం వెలిగించుకున్నారు. "భోజనంలోకి చేపల పులుసా అమ్మా?"

"కాదండీ, ఉప్మా."

ఆ వెలుగు ఆరిపోయింది. అయినా పెద్దమనిషి, కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. "ప్రభువా, ఈ ఇంటి మీద నీ దీవెనలు కుమ్మరించు."

పైనుంచి "మ్యావ్" అని వినిపించింది.

"ఆమేన్," అన్నారు మా ఆయన, ఆ చప్పుడు కప్పేయడానికి, గోడలు అదిరేలా. అంతే, పైన పిల్లులు బెదిరి ఒకదాని మీద ఒకటి పడ్డాయి. నీలం టార్పాలిన్ కడుపు కిందికి జారింది. నేను కళ్లు తెరిచి చూస్తూనే ఉన్నాను.

"పట్టజాలనంతగా కుమ్మరించు తండ్రీ," అన్నారు పాస్టరుగారు.

మేకులు ఊడిపోయాయి. ముందు థర్మోకోల్ పూసలు, తర్వాత పలకలు, ఆ వెనక పిల్లులు. మంచు ఎరగని మా దీవిలో ఆ సాయంత్రం మంచు కురిసింది, అదీ చేపకంపుతో. వచ్చినవాళ్లు కుర్చీలెక్కారు. పాస్టరుగారు కదల్లేదు. జుట్టంతా తెల్లని పూసలు, ఒళ్లో ఒక గండుపిల్లి.

"అమ్మా," అన్నారాయన శాంతంగా, "ఇంత తొందరగా జవాబొచ్చిన ప్రార్థన నేనెప్పుడూ చెయ్యలేదు."

మర్నాడు మిగిలిన పలకలు పీకడానికి నిచ్చెన వేశాం. వంటింటి మూల మాత్రం టార్పాలిన్ ఊడలేదు. దాని మీద ఒక పిల్లి, అప్పుడే పెట్టిన పిల్లలతో పడుకుని ఉంది. రాత్రంతా నన్ను తిట్టి గొంతు బొంగురుపోయిన మా అత్తయ్య నిచ్చెనెక్కి చూసింది. కిందికి దిగి కొడుకుతో అంది:

"ఆ మూల ముట్టుకోకు నాయనా. బాలింత. సల్లగా ఉండాల."

ఆ వేసవంతా మేము ఉడికాం, బిల్లు కట్టాం. మా ఇంట్లో వేడి తగలకుండా, కరెంటు ఖర్చు లేకుండా హాయిగా బతికింది ఆ పిల్లి సంసారం ఒక్కటే.

కాబట్టి సమస్త దీవివాసుల ఎదుట ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట నా బొందిలో ప్రాణం ఉండగా, ముందు ముక్కు దగ్గర పెట్టుకుని చూడనిదే ఏ వస్తువునూ నెత్తి మీదికి ఎక్కించను.