గోదారి తెచ్చిన గాలం కర్ర

నా చిన్నప్పుడు గాలం కర్రను డబ్బు పెట్టి కొంటారని ఎవరైనా చెబితే మా ఊళ్లో నవ్వేవాళ్లు. గోదారి సముద్రంలో కలిసే చోటుకు దగ్గర్లోనే మా ఇల్లు. ఆ చోటును మేము మొగ అంటాం. ఎగువ ఊళ్లలో వరద ఎత్తుకొచ్చినవన్నీ మొగ దగ్గర ఇసుకలోకి చేరేవి. దుంగలు, తడకలు, కుండలు, ఒకసారైతే కాలు విరిగిన ముక్కాలిపీట. ఎవరు ఏరుకుంటే అది వాళ్లదే. ఫలానాది ఎవరిదీ అని ఆరా తీసే అలవాటు మాలో ఎవరికీ లేదు.

ఇప్పుడు మా మనవడు సముద్రం ఒడ్డున చేపలు పట్టడానికని ఫోనులో రాడ్లు చూస్తుంటాడు. ఒకటి మడిస్తే సంచిలో పడుతుందట. ఇంకొకటి గట్టిదనం తప్ప బరువే ఉండదట. రీళ్లకు ఒక డబ్బా, రంగురంగుల రబ్బరు చేపలకు ఇంకో డబ్బా. రబ్బరు చేపను చూపించి అసలు చేపను మోసం చేయాలని వాడి ఆశ. సెలవు రోజున పొద్దున్నే పోయి, చెయ్యి పడిపోయేదాకా విసిరి, ఖాళీ సంచితో వచ్చి తప్పంతా రీలుదే అంటాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు. అయినా "ఏది కొనను మామ్మా?" అని వాడు అడిగితే నాకు సంతోషమే. గాలం సామాను ఎంచడం నాకు మా తాతయ్య నేర్పాడు.

ఒడ్డున నిలబడి అలల్లోకి గాలం వేయడం, పడవ మీద నుంచి వేయడం ఒకటి కావనేవాడు. కర్ర పొడుగ్గా లేకపోతే దారం ముందు అలలోనే చిక్కుకుంటుంది. కర్ర మొదలు బిరుసుగా, కొస మెత్తగా ఉండాలి. దారం చేప కంటే గట్టిదై ఉండాలి, కర్ర కంటే మాత్రం కాదు. రెండిట్లో ఒకటి పోక తప్పనప్పుడు దారమే పోవాలి. కట్టే సీసపు గుండు అలకు దొర్లిపోనంత బరువుండాలి. నీళ్లు బురదగా ఉంటే గాలానికి తెల్లకోడి ఈక కట్టాలి, తేటగా ఉంటే తళుక్కుమనే రేకుముక్క. రీళ్లు మాకెక్కడివి, దారం కొయ్యముక్కకు చుట్టుకునేవాళ్లం. ఇదంతా నేను ఎనిమిదేళ్ల పిల్లప్పుడే అప్పజెప్పేదాన్ని. ఆడపిల్లకు గాలమేమిటని మా మామ్మ అరుస్తూనే ఉండేది, నేను తెచ్చిన చేపలు పులుసు పెడుతూనే ఉండేది.

ఒక ధనుర్మాసంలో మా నాన్నా, ఊళ్లో చేవ ఉన్న మగవాళ్లూ పడవలెక్కి దూరం వేటకు పోయారు. ఆ రోజుల్లోనే మొగ దగ్గర ఒక వెదురు గడ నా కంటపడింది. పచ్చదనం ఇంకా పూర్తిగా పోలేదు. మొదలు నా మణికట్టు కంటే లావు, కొస బొటనవేలంత. అలాంటి కర్ర కోసం నేను ఏడాదిగా కలలు కంటున్నాను. పొడుగునా దూరదూరంగా కత్తిగాట్లు ఉన్నాయి, గాట్లలో కొబ్బరిపీచు ఇరుక్కుని ఉంది. ఏ దడికో కట్టిన గడ అనుకున్నాను.

భుజాన వేసుకుని తెచ్చి తాతయ్యకు చూపించాను. ఆయన దాన్ని వంచి చూశాడు, తట్టి చూశాడు. గాట్ల దగ్గరికి వచ్చేసరికి ఆయన వేలు ఆగిపోయింది. ఒక్కో గాటునూ తడిమాడు. ఎక్కడ దొరికిందని అడిగాడు, చెప్పాను.

"మంచి కర్రే అమ్మలూ," అన్నాడు. "ఒకటే మాట. దీన్ని నేల మీద అడ్డంగా పడెయ్యకు. ఎవర్నీ దాటనివ్వకు. పని అయ్యేక గోడకి నిలబెట్టు."

పెద్దవాళ్లు అలాంటివి వంద చెబుతారు. సరేనని తలూపాను.

మర్నాడు పొద్దున మంచులో అలల ముందు కర్రను ఇసుకలో పాతి గాలం వేశాను. కొయ్యకు చుట్టిన దారం వదులుచేసి ఊపిరి తీసుకునేలోగా పండుగప్ప పడింది. పండుగప్ప గాలానికి పడితే మామూలుగా చేతులు కోసుకుపోయేలా లాగుతుంది, నీళ్లపైకి ఎగురుతుంది. ఇది లాగలేదు, ఎగరలేదు. నేను దారం చుడుతుంటే మెల్లగా, పిలిస్తే వచ్చినట్టు వచ్చి నా కాళ్ల దగ్గర పక్కకు ఒరిగింది. కళ్లు మాత్రం బతికే ఉన్నాయి.

ఆ తరువాత ఏ రోజూ ఖాళీగా రాలేదు. ఈక కట్టినా, రేకు కట్టినా, ఒట్టి గాలం వేసినా సరే, చేప వచ్చేది. ప్రతిదీ ఆ మొదటిదానిలాగే మాట వినేది. ఇంకో సంగతి కూడా ఉంది. చేప పడ్డప్పుడు కర్ర కొస సముద్రం వైపు వంగాలి కదా. ఇది ఏటి ఎగువకు వంగేది. దారం ఇటు, కొస అటు. చూసి చూసి అలవాటు పడ్డాను, ఇంట్లో చెప్పలేదు. ఇంటిల్లిపాదీ కడుపు నిండా తింటున్నాం, ఎందుకు చెబుతాను?

గోడకు నిలబెట్టినప్పుడు ఆ వెదురు సన్నగా మూలిగేది. ఎండకు వెదురు చప్పుడు చేస్తుందని నాకు తెలుసు. కానీ ఆ వారమంతా మంచు విడిచింది లేదు, ఎండ వచ్చింది లేదు.

అంతలో మా తమ్ముడికి జ్వరం వచ్చింది. ఆరేళ్లవాడు, ఇంట్లో అందరికంటే ఎక్కువ అల్లరి చేసేవాడు, చాప మీద అలా పడి ఉంటే ఇల్లంతా బావురుమన్నట్టు ఉండేది. మామ్మ దిష్టి తీసింది, కషాయాలు పోసింది. జ్వరం దిగలేదు. వాడు పలవరించడం మొదలుపెట్టాడు. చాప పక్కన ఎవరూ లేకపోయినా "కొంచెం జరగండి, నాకు చోటు చాలట్లేదు" అనేవాడు. ఆ మాట వినపడగానే మా అమ్మ చేతిలో గిన్నె కింద పెట్టేసి వాడిని ఒడిలోకి లాక్కునేది.

ఒక మధ్యాహ్నం మామ్మ బట్టలు ఆరేయడానికి చోటు వెతుకుతూ నా గాలం కర్ర మీద చెయ్యి వేసింది. వెంటనే నిప్పు తగిలినట్టు తీసేసుకుంది. గాట్లను చూసింది, గాటుకూ గాటుకూ మధ్య దూరాన్ని బెత్తలతో కొలిచింది. తరువాత అరుగు మీద కూలబడి నోట్లో కొంగు కుక్కుకుంది.

అది పాడె కర్ర. ఎగువన ఏ ఊళ్లోనో ఎవరినో మోసి, పని అయ్యాక ఏట్లోకి విసిరేసిన కర్ర. అడ్డపుల్లలు కట్టిన గాట్లే అవి.

ఆ కర్రతో తెచ్చిన చేపలే కదా ముళ్లు తీసి తమ్ముడికి పెట్టాను. వాడిని నేనే చంపుతున్నానని అనిపించింది. ఎవరితోనూ చెప్పుకోలేక వంటింటి వెనక కూర్చుని ఏడ్చాను. కర్రను కాల్చెయ్యమని మామ్మ పట్టుబట్టింది. తాతయ్య దాన్ని గోడకే నిలబెట్టి ఉంచాడు, కాల్చలేదు.

మర్నాడు తెల్లారేసరికి తమ్ముడు పలవరించడం కూడా మానేశాడు. పిలిస్తే కళ్లు తెరవలేదు. ఇక రాజోలు ఆసుపత్రికి తీసుకుపోవలసిందే. మా ఇసుకలోకి బండి రాదు. ఒడ్డు వెంట నడిచి, మధ్యలో ఒక పాయ దాటి రేవు చేరుకుంటే అక్కడ కాలవ పడవ దొరుకుతుంది. కొడుకును ఎత్తుకుని అంత దూరం నడిచే సత్తువ అమ్మకు లేదు, వయసు మళ్లిన తాతయ్యకూ లేదు. కర్రకు ఊయల కట్టి ఇద్దరు మోయాలి. తెడ్లూ గడలూ అన్నీ పడవలతోనే పోయాయి. తాతయ్య గోడ దగ్గరికి నడిచి ఆ కర్రను తీశాడు.

మామ్మ గుమ్మానికి అడ్డం పడింది. "బతికున్న పిల్లాణ్ణి పాడె కర్రకి కడతారా? మీకేవైనా మతిపోయిందేటండీ?"

"కర్రకేం తెలుసే పాపం. మోయమంటే మోసింది. ఇంతకంటే గట్టిది ఇంట్లో ఉంటే చూపించు," అన్నాడు తాతయ్య.

అమ్మ తన పాత చీరతో ఊయల కట్టింది. రెండో కొస పట్టడానికి పక్కింటి మావయ్యను పిలిచారు. పాపం ఒంట్లో బాగోక వేటకు వెళ్లని మనిషి, అయినా వచ్చాడు. కర్ర మీద చెయ్యి వేయబోయి గాట్లు చూసి వెనక్కి తీసుకున్నాడు. "ఏవనుకోకండి బాబాయిగారూ. నాకూ పిల్లలున్నారండి," అని తల దించుకున్నాడు.

మా అమ్మ కొంగు బిగించుకుని తాతయ్య వైపు తిరిగింది. "పదండి మావయ్యగారూ. ఎనకాల కొస నేను పడతాను," అంది.

ఆడమనిషి అలాంటి కర్రకు భుజం ఇవ్వడం మావైపు ఎవరూ కని విని ఎరగరు. అయినా మామ్మ గుమ్మం విడిచి పక్కకు జరిగింది.

తాతయ్య నన్ను బట్టల మూటతో వెనకాల రమ్మన్నాడు. "ఏం కనపడ్డా, ఏం వినపడ్డా మాట్టాడకు అమ్మలూ," అన్నాడు.

బయట మంచు ఎంత దట్టంగా ఉందంటే పక్కనే ఉన్న సముద్రం చప్పుడే తప్ప కనపడదు. మొదట అమ్మ నాలుగడుగులకు ఒకసారి ఆగిపోయింది. తడి ఇసుకలో పాదాలు దిగబడుతున్నాయి. తాతయ్య పొడుగు, అమ్మ పొట్టి. కర్ర వెనక్కి వాలి ఊయల అమ్మ వైపు జారుతోంది. వాడు దారిలోనే పోతాడని నాకు ఏడుపు తన్నుకొచ్చింది.

తరువాత ఎప్పుడు మొదలైందో చెప్పలేను. ఊయల ఊగడం మానేసింది. ఇద్దరు మోసే ఊయల ఊగకుండా ఉండదు. కర్ర సమానంగా, చెరువులో నీటిమట్టంలా నిలిచింది. అమ్మ ఆగడం లేదు. ఆయాసపడడం లేదు. తాతయ్య నడక పడుచువాడి నడకలా సాగింది. తడి ఇసుక మీద పాదాల చప్పుడు వింటూ నడుస్తున్నాను. ఆ చప్పుడు మా ముగ్గురి కంటే ఎక్కువగా ఉంది.

పాయ వచ్చింది. తాతయ్యకు మోకాలి లోతు, అమ్మకు తొడల దాకా. అమ్మ భుజం దిగిపోయింది, కర్రను ఆమె తాకడం కూడా లేదని నేను స్పష్టంగా చూశాను. కర్ర దిగలేదు. ఊయల అడుగు తడవలేదు.

అవతలి ఒడ్డు ఎక్కాక ఇసుక నున్నగా, పలకలా ఉంది. ముందు తాతయ్య పాదాలు, వెనక అమ్మ చిన్న పాదాలు. వాటికి ఇటూ అటూ ఇంకా అడుగులు పడుతూ ఉన్నాయి. పెద్ద మగవాళ్ల పాదాలు. నేను చూస్తుండగానే, ఖాళీగా ఉన్న ఇసుక నొక్కుకుపోయి, నీళ్లు ఊరి, ఒక్కొక్క అడుగూ తయారవుతోంది. అరవాలనిపించింది. తాతయ్య మాట గుర్తొచ్చి మూటను కరిచి పట్టుకున్నాను.

రేవులో పడవవాడి కేక మంచులోంచి వినపడగానే తాతయ్య ఆగాడు. తల తిప్పకుండా, ఇంటికి వచ్చిన చుట్టాలతో మాట్లాడినంత మర్యాదగా అన్నాడు.

"ఇక చాలండి. రేవు కాడికొచ్చేసేం. చాలా దూరం వచ్చేరు, ఇక తవరు ఆగిపోండి. మీ మేలు మర్చిపోమండి, ఆయ్."

మరుక్షణం కర్ర ఒక్కసారిగా బరువెక్కింది. అమ్మ మోకాళ్ల మీద కూలబడింది, తాతయ్య నడుం వంగిపోయింది. నేను మూట పారేసి పరిగెత్తి ఊయల కింద చేతులు పెట్టాను. పడవవాడు వచ్చి తమ్ముడిని ఎత్తుకున్నాడు. వెనక్కి చూడాలని ఉన్నా చూడలేదు. పెద్దయ్యాక కూడా ఆ రేవు వైపు వెళ్లినప్పుడు ఇసుకను చూడను.

రాజోల్లో డాక్టరుగారు ఇంకాస్త ఆలస్యమైతే చెయ్యి దాటిపోయేదన్నారు. తమ్ముడు బతికాడు. ఇప్పుడు వాడికి మోకాళ్ల నొప్పులు, నాతో ప్రతిదానికీ పోట్లాట.

వాడు లేచి తిరుగుతున్నాక తాతయ్య నన్ను తీసుకుని మొగకు వెళ్లాడు, కర్ర ఆయన భుజం మీద ఉంది. నేను దాచుకున్నదంతా అప్పుడు బయటపెట్టాను. నా చేపల వల్లే వాడికి జ్వరం వచ్చిందా అని అడిగాను. ఊళ్లో ఇంకో ఇద్దరు పిల్లలకూ అదే జ్వరమని, వాళ్లు నా చేప రుచి కూడా చూడలేదని చెప్పాడు. నా గుండె మీది బండ దిగింది. మరి ఆ కర్ర సంగతి మొదటి రోజే తెలిసి కూడా నాకెందుకు చెప్పలేదని కోపంగా అడిగాను.

"చెబితే పారేసేదానివి," అన్నాడు.

ఆ పాదాల గురించి కూడా అడిగాను. "మోసినోళ్లకి మోయడం అలవాటవుద్ది అమ్మలూ," అన్నాడు. కర్రను నీళ్లలో వదిలాడు. అప్పుడు ఆటు, నీళ్లన్నీ సముద్రంలోకి పోతున్నాయి. కర్ర కాసేపు నిలిచి, మొదలు తిప్పుకుని, ఎదురు నీటిలో ఏటి ఎగువకు వెళ్లిపోయింది. తాతయ్య తలగుడ్డ తీసి దండం పెట్టాడు. నేనూ పెట్టాను.

అది మొదలు దేన్నయినా, ఎవరినైనా అపశకునమని అంటే నాకు ఒళ్లు మండుతుంది. భర్త పోయిన మా వదిన ఎదురొచ్చిందని పెళ్లివారు గుమ్మంలో ఆగిపోతే, ఆవిడ చెయ్యి పట్టుకుని అందరికంటే ముందు నడిపించాను. నాలుగు ఇళ్లవాళ్లు నాతో మాట మానేశారు. మానేస్తే మానేశారు. మనకు భయం వేసిందని దాని గుణం మారిపోదు. ఈ మాత్రం తెలుసుకోవడానికి నాకు ఒక పాడె కర్ర కావలసి వచ్చింది.

మొన్న మా అబ్బాయిని కూర్చోబెట్టి ఒక మాట చెప్పాను. నేను పోయినప్పుడు చవకరకం వెదురు తేవద్దని, పని అయ్యాక కర్రల్ని విరవద్దని, కాల్చవద్దని, ఏట్లో వదిలెయ్యమని. "పొద్దున్నే ఆ మాటలేంటమ్మా" అని కసిరాడు. కసరనీ. ఏ మొగ దగ్గరో ఏ పిల్లో వాటిని ఏరుకుంటుంది. ఆ ఇంట్లో ఎవరినైనా మోసుకుపోవలసిన రోజు వస్తే, ఆ కర్ర కింద ఒక భుజం నాది.