అన్నయ్య కొన్న ప్లాస్మా

మా పిన్ని కొడుకుని వీధి మొత్తం ప్లాస్మా అన్నయ్య అంటుంది. కంపెనీలు ఎప్పుడో తయారీ మానేసిన ప్లాస్మా టీవీలే ఆయన లోకం. "ఎల్ఈడీలో నలుపు కూడా ఓ నలుపేనట్రా? ఉతికి ఉతికి వెలిసిపోయిన ప్యాంటులా ఉంటుంది!" అని దారిన పోయేవాళ్ళని ఆపి మరీ చెబుతాడు. విడిభాగాలు దొరకవు కనక చచ్చిన టీవీలు కొని, వాటి కడుపులోంచి పనికొచ్చేవి తీసి, కొనప్రాణంతో ఉన్నవాటికి వేస్తాడు. ఈ విద్య ఆయన నేర్పింది ఒక్కడికే, సొంత బావమరిదికి. మొదటి పాఠం: తెరంతా తెల్లగా పెట్టి మచ్చలు చూసుకోకుండా ఏ ప్లాస్మానీ కొనకూడదు.

ఇల్లు సర్దుతూ వదిన నిచ్చెన జారవిడిచింది. అన్నయ్య సొంత టీవీ అద్దం పగిలింది. బోర్డు పోతే మార్చొచ్చు, అద్దం పోతే ఇంకో టీవీ వెతుక్కోవలసిందే. అప్పట్నుంచి మనిషికి తిండి మీద ధ్యాస లేదు. ఎల్ఈడీ గడప తొక్కనివ్వడు. వదిన టీవీ లేని గోడకేసి చూస్తూ పళ్ళు నూరేది.

ఒకరోజు బావమరిది ఫోన్ చేశాడు. "బావా, దొరికింది! అచ్చం నీదే. అద్దం మీద గీత కూడా లేదు."

ప్లాస్మాని పడుకోబెట్టకూడదు, ఇద్దరు పట్టుకుని నిలువునా మొయ్యాలి. అందుకని నన్నూ లాక్కెళ్ళాడు. మేం బావమరిది ఇంటికి వెళ్ళేసరికే టీవీలో వార్తలు వస్తున్నాయి. అన్నయ్య వెనక తడిమాడు, చెవి ఆనించి మోత విన్నాడు.

"ఛానెల్ మార్చి చూద్దామా అన్నయ్యా?" అన్నాను.

"నోర్ముయ్. మనవాడి దగ్గర పరీక్షలేంట్రా? ఏమనుకుంటాడు?"

మనవాడు రిమోట్ జేబులో పెట్టుకుని, తాడు వెతకడానికి వెళ్ళాడు.

ఇంటికి తెచ్చి సినిమా పెట్టాం. హీరోయిన్ నుదుటి పక్కన వార్తల ఛానెల్ ముద్ర! కింద దాని వార్తల పట్టీ. ఏం పెట్టినా అవి కదలవు. ఏళ్ళ తరబడి ఒకే ఛానెల్ నడిచి తెర మీద మచ్చ కట్టేసింది. అదే ఛానెల్ పెడితే అసలు ముద్ర కింద మచ్చ దాక్కుంటుంది.

అన్నయ్య ఫోన్ అందుకున్నాడు. "ఒరేయ్, మచ్చ నీకు కనపళ్ళేదా?"

"కనపడింది బావా."

"మరి?"

"చెప్తే నువ్వు కొనవుగా! ఆ ఛానెలే పెట్టుకో, అస్సలు తెలీదు."

అన్నయ్య నోరు తెరిచేలోపు వదిన వంటింట్లోంచి వచ్చింది. "వాణ్ణేం అనకండి. ఏదో ఒకటి తెచ్చి ఈయన ముందు పడెయ్యరా, నా ప్రాణం తెరిపిన పడుతుంది అని నేనే చెప్పా."

"మచ్చ సంగతి నీకూ తెలుసా?"

"తెలుసు. మీరంత పట్టించుకోరనుకున్నా."

అన్నయ్య జీవితమంతా పట్టించుకున్నది సరిగ్గా అలాంటివాటినే. నేను ఎటు చూడాలో తెలియక ఖాళీ టీ కప్పు ఎత్తి ఇంకోసారి తాగాను.

ఆయన మళ్ళీ వార్తలు పెట్టాడు. మచ్చ మాయమైంది. రిమోట్ వదిన చేతిలో పెట్టి, "చూసుకో. బాగానే ఉంది," అని చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

వదిన ఛానెల్ మార్చబోయింది. ఏమనుకుందో, వేలు వెనక్కి తీసుకుంది.