ప్రిన్సిపాల్ గారి చేత రాయి నాకించిన వైనం

కరీంనగర్ కాలేజీలో నా ఉద్యోగం ఇంకా పచ్చిగా ఉన్న రోజుల్లో మా ప్రిన్సిపాల్ గారి చేత ఒక పని చేయించాను. అది విన్నాక మీరు నాతో కలిసి భోజనానికి కూర్చుంటారో లేదో తెలియదు. అయినా చెప్తాను. కంచం ముందు పెట్టుకుని చదువుతున్నవాళ్లుంటే మాత్రం ముందు తినేసి, చెయ్యి కడుక్కుని వచ్చి చదవండి.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి కొన్నేళ్లయింది. నేను జంతుశాస్త్రం ల్యాబులో డిమాన్‌స్ట్రేటర్‌ని. అంటే కప్పను కోయడానికి భయపడే పిల్లలకు ధైర్యం చెప్పి, వాళ్లు చూడనప్పుడు నేను కళ్లు మూసుకునేవాణ్ణి. ఉద్యోగం తాత్కాలికం. దాన్ని పక్కా చేయమని పైకి రాయవలసింది ప్రిన్సిపాల్ వామనరావు గారు.

ఆయన శుభ్రత ముందు సబ్బు కూడా సిగ్గుపడేది. చాక్‌పీసును రుమాలుతో పట్టుకుని పాఠం చెప్పేవారు. ఎక్కడికెళ్లినా తన రాగి చెంబు, తన నీళ్లు వెంట ఉండాల్సిందే. ఎవరైనా చాయ్ ఇస్తే దూరం నుంచే దండం పెట్టేవారు.

అట్లాంటాయన ఉన్న మా కాలేజీలో ఆ సంవత్సరం రాళ్లు, ఖనిజాలు, శిలాజాల ప్రదర్శన పెట్టారు. దాని కోసం హైదరాబాదు నుంచి డాక్టర్ సులోచన గారు వచ్చారు. ఆసిఫాబాద్ పక్క వాగుల్లో, మిట్టమధ్యాహ్నపు ఎండలో, కొంగు నడుముకు బిగించి, భుజాన కాన్వాసు సంచి, చేతిలో సుత్తితో తిరిగి, కోట్ల ఏళ్ల కిందటి జంతువుల ఎముకలు వెలికితీసిన మనిషి. ఆమె రాయిని చేతిలోకి తీసుకుంటే వైద్యుడు నాడి చూస్తున్నట్టుండేది. ఒక ఎర్రమట్టి గడ్డను చూపించి, ఇక్కడొక నది పారేది, ఇందులో చేపలుండేవి, ఒడ్డున మొసలి లాంటి జంతువులు ఎండకు పడుకునేవి అని చెప్తుంటే, ఎండాకాలం నల్లా కూడా రాని మా కాలేజీ హాల్లో నాకు నీళ్ల చప్పుడు వినిపించింది. చెప్పొద్దూ, నేనామెకు భక్తుణ్ణైపోయాను.

ప్రదర్శనకు ముందురోజు బల్లలు సర్దుతూ, రాయికీ ఎముకకూ తేడా ఎట్లా తెలుస్తుందని ఆమెను అడిగాను. ఆమె ఒక ఎముక ముక్కను నాలుక కొసకు తాకించారు. అది టక్కున అంటుకుంది. ఎముకలో కంటికి కనిపించని రంధ్రాలుంటాయట, అవి తడిని పీల్చుకుంటాయట, మామూలు రాయైతే జారిపోతుందట. ఇదంతా నా చెవిలో పడింది. ఆ తర్వాత ఆమె ఇంకో మాట అన్నారు: "దీన్నొక్కదాన్నే నమ్ముకుని తేల్చెయ్యొద్దు." ఇది నా చెవి దాకా వచ్చి, లోపల చోటు లేక తిరిగి వెళ్లిపోయింది.

మీ చేలల్లో, వాగుల్లో దొరికిన వింత రాళ్లేమున్నా తెచ్చి చూపించండని ఊరంతా చాటింపు వేయించాం. జనం మా మీద నమ్మకంతో తెచ్చారు. విరిగిన తిరగలి రాయి తెచ్చారు, కొలిమిలో మిగిలిన ఇనప చిట్టెం తెచ్చారు. ఒకాయన దూది చుట్టిన సీసాలో, పట్నం దవాఖానలో తన మూత్రపిండం నుంచి తీసిన రాయి కూడా తెచ్చాడు. మీరు అడగబోయేది నాకు తెలుసు. లేదు, దాన్ని నేను నాకలేదు.

వచ్చినవాటిని తీసుకుని పక్కన పెట్టమని, తానొచ్చి చూస్తానని నాకు చెప్పి, సులోచన గారు హాలు ఆ చివర బొగ్గు గురించి చెప్పడానికి వెళ్లారు. కానీ నా బల్ల ముందు వరస పెరిగింది. అందరూ నన్ను "సారూ" అని పిలుస్తున్నారు. కప్పల దగ్గర దొరకని గౌరవం అది. తీసి పక్కన పెట్టడం మానేసి తీర్పులివ్వడం మొదలుపెట్టాను. నాలుక చాచడం, "ఇది ఉత్త రాయి" అనడం, ఇంకోటి అందుకోవడం. మధ్యాహ్నానికి నా నాలుక మీద సగం జిల్లా ఉంది.

అప్పుడొచ్చింది లచ్చవ్వ. ఆసిఫాబాద్ పక్క ఊరు. సులోచన గారు ఆమె చేను పక్కనే డేరా వేసుకుని తవ్వారట. ఆ అభిమానంతో, ఇంత దూరం బస్సులు మారి వచ్చింది. గుడ్డసంచిలోంచి పసిపిల్లను తీసినట్టు ఒక రాయి తీసి నా చేతిలో పెట్టింది.

"గిది మా చెల్కల నాగలికి తాకింది సారు. జర సూడు, ఏందో."

వేలెడు పొడవు. ఒక కొస లావు, ఒక కొస సన్నం, మధ్యలో చుట్లు చుట్లుగా ఉంది. నాలుకకు తాకించాను. అంటుకుంది. "ఇది మహా జంతువు తోక ఎముక" అని హాలంతా వినపడేట్టు ప్రకటించాను. తోక దగ్గరిదే అన్నంతవరకు నేను పెద్దగా పొరబడలేదని ఇప్పటికీ సమర్థించుకుంటాను.

సరిగ్గా అప్పుడే రాగి చెంబుతో వామనరావు గారు వచ్చారు. ఎముకేనని ఎట్లా చెప్తావని అడిగారు. నాకు నా ఉద్యోగం గుర్తొచ్చింది. మనిషికి బుద్ధి అవసరమైన చోట ఉత్సాహం వస్తే ఇట్లాగే ఉంటుంది.

"సార్, మీరే ఒక్కసారి నాలుకకు తాకించి చూడండి. శాస్త్రీయమైన పరీక్ష."

ఆయన వెనక్కి తగ్గారు. కానీ జనం చూస్తున్నారు. "నేను కడిగే తెచ్చిన సారూ" అని లచ్చవ్వ భరోసా ఇచ్చింది. ఆయన రాయిని తన చెంబు నీళ్లతో మళ్లీ మళ్లీ కడిగి, రుమాలుతో తుడిచి, కిటికీలో ఎండకు ఆరబెట్టి, కళ్లు మూసుకుని నాలుక మీద పెట్టుకున్నారు. చెయ్యి తీస్తే రాయి నాలుకకే వేలాడింది. హాలు చప్పట్లతో దద్దరిల్లింది. ఆయన ముఖంలో మొదటిసారి పతంగి ఎగరేసిన పిల్లాడి సంతోషం.

చప్పట్లు విని సులోచన గారు వచ్చారు. రాయిని తీసుకుని అటూ ఇటూ తిప్పారు. ఆమె ముఖం మారింది.

"దీన్ని ఎవరైనా నాలుకకు తాకించారా?"

"నేనే" అన్నారు వామనరావు గారు, ఛాతీ విరుచుకుని.

ఆమె, ఇది ఎముక కాదనీ, ఒక జంతువు విసర్జించినది కోట్ల ఏళ్లలో రాయైపోయిందనీ వీలైనంత మెత్తగా చెప్పారు.

"అంటే పెంటనా అమ్మా?" అంది లచ్చవ్వ.

"అవునవ్వా. పెంటనే."

వామనరావు గారు చెంబు బల్ల మీద పెట్టి, గొంతు బాగా తగ్గించి అడిగారు. "ఆ జంతువు శాకాహారేనా అమ్మా?"

సులోచన గారికి ఎన్నో విద్యలొచ్చు గానీ రాయి గురించి అబద్ధం చెప్పడం రాదు. భూతద్దం పెట్టి చూసి, "చేపదండీ. చిన్న చేపల్ని తినేది. ఇదిగో, పొలుసు కూడా ఉంది" అన్నారు.

ఆయన చెంబు తీసుకుని హాలు వెనక్కి నడిచారు. తర్వాత చాలాసేపు పుక్కిలింతలు వినిపించాయి.

ఇటు లచ్చవ్వ సిగ్గుతో కుంచించుకుపోయి, రాయిని తిరిగి సంచిలో వేసుకోబోయింది. సులోచన గారు ఆమె చెయ్యి పట్టుకుని ఆపారు.

"ఎముక దొరికితే ఏ జంతువు సచ్చిందో తెలుస్తది అవ్వా. గిది దొరికితే అదెట్ల బతికిందో తెలుస్తది. ఇంత మంచిది నాకు ఇన్నేళ్లు తిరిగినా దొరకలే."

అని, అందరూ చూస్తుండగా ఆ రాయిని తన నాలుకకు తాకించి, ప్రిన్సిపాల్ గారు చేసిన పరీక్ష సరైనదేనని, ఇదీ ఎముకలాగే అంటుకుంటుందని, తమకిది రోజూ ఉండే పనేనని చెప్పారు. తర్వాత అద్దాల పెట్టె మధ్యలోంచి తను తవ్వి తెచ్చిన ఎముకను పక్కకు జరిపి, ఆ చోట లచ్చవ్వ రాయిని పెట్టారు. ఒక్క నిమిషంలో ఇద్దరి పరువు నిలబెట్టిన ఆ మనిషిని చూస్తూ, పెద్ద చదువంటే ఏమిటో నాకు అప్పుడర్థమైంది. నా చదువు ఎంతో కూడా అప్పుడే అర్థమైంది.

మర్నాడు జగిత్యాల నుంచి, పెద్దపల్లి నుంచి జనం విరగబడ్డారు. గేటు దగ్గరే "ప్రిన్సిపాల్ సారు నాకిన రాయేది?" అని అడుగుతున్నారు. పొద్దంతా గదిలోనే ఉన్న వామనరావు గారు సాయంత్రానికి మెల్లగా వచ్చి, పెట్టె పక్కన నిలబడి, చేపల గురించి, నది గురించి తానే చెప్పడం మొదలుపెట్టారు. మధ్యలో గొంతు సవరించుకుని, "ఈ కాలేజీలో దీన్ని స్వయంగా పరీక్షించింది నేను" అన్నారు. జనం చప్పట్లు కొట్టారు.

ప్రదర్శన ముగిశాక నన్ను పిలిపించారు. బలికి పోతున్న మేకలా వెళ్లాను. నా ఉద్యోగం పక్కా చేయమని రాస్తున్నానన్నారు.

"ఎందుకో తెలుసా? నాకంటే ముందు నువ్వు నాకావు. అదే నాతో మొదలుపెట్టించి ఉంటే, ఇవాళే ఉద్యోగం తీసేసి మీ ఊరు భైంసాకు బస్సెక్కించేవాణ్ణి."

అందుకని పాఠకులారా, భూమినీ, దాని పొరల్లో నిద్రపోతున్న సమస్త జీవరాశినీ సాక్షిగా పెట్టుకుని ప్రమాణం చేస్తున్నాను. ఏ వస్తువైనా సరే, అది జంతువు ఏ కొస నుంచి వచ్చిందో నిర్ధారణ కానిదే నా నాలుక చాచను. పై అధికారుల నాలుక అసలే చాపించను.